నోటి నుంచి చేతికి

తబలా విద్వాంసుడు ఉస్తాద్ అల్లారఖా కన్నుమూసి పాతికేళ్లు దాటింది. ఆయన కుమారుడు, తబలాలో ఆయన శిష్యుడు జాకీర్ హుస్సేన్ 2024 డిసెంబర్ 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో తుదిశ్వాస విడిచారు. అప్పుడు దేశమంతా జాకీర్ వేళ్ల వేగం గురించి, అదే ఏడాది ఫిబ్రవరిలో ఒకే రోజు అందుకున్న మూడు గ్రామీల గురించి చెప్పుకుంది. ఆ వేళ్లకు చదువు చెప్పిన తండ్రి గురించి, చెప్పిన తీరు గురించి పెద్దగా చర్చ జరగలేదు. మన సంగీత కళాశాలలు, సాంస్కృతిక శాఖలు నేర్చుకోవాల్సింది అక్కడే ఎక్కువ ఉందని మా నమ్మకం.

అల్లారఖా సంగీతకారుల ఇంట్లో పుట్టలేదు. 1919లో జమ్మూ దగ్గరి ఫగ్వాల్ అనే పల్లెలో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. పన్నెండేళ్ల వయసులో గురుదాస్‌పూర్‌లో బంధువుల ఇంట ఉన్నప్పుడు తబలా ఆయన్ని పట్టేసుకుంది. ఇల్లు విడిచి లాహోర్ చేరి, పంజాబ్ ఘరానాలో (గురుశిష్య సంప్రదాయంలో) మహావిద్వాంసుడైన మియా ఖాదర్ బక్ష్‌కు శిష్యుడయ్యారు. పటియాలా ఘరానాకు చెందిన ఆషిక్ అలీ ఖాన్ దగ్గర గాత్రం కూడా నేర్చుకున్నారు. ఈ రెండో సంగతి చిన్నదేమీ కాదు. పాట తెలియని తబలా విద్వాంసుడు గాయకుడి పక్కన కూర్చుని తన లెక్క తాను చూసుకుంటాడు. పాట తెలిసినవాడికి గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో ముందే తెలుస్తుంది. తర్వాత రేడియోలో పనిచేశారు, బొంబాయి వచ్చారు, ఎ.ఆర్. ఖురేషీ పేరుతో హిందీ సినిమాలకు సంగీతం కూర్చారు.

సితార్ విద్వాంసుడు పండిట్ రవిశంకర్ పక్కన కూర్చున్నాకే ప్రపంచం ఆయన్ని చూసింది. 1967లో మాంటెరీ, 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవాలు (రెండూ అమెరికాలోనివే), 1971లో న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జరిగిన కచేరీ. తబలా అంటే ఏమిటో తెలియని లక్షల మంది వాటి ద్వారా ఆ వాద్యాన్ని మొదటిసారి విన్నారు. అంతవరకూ మన దేశంలోనే తబలా వాయించేవారికి దక్కిన మర్యాద అంతంతమాత్రం. పాత గ్రామఫోన్ రికార్డుల మీద గాయకుడి పేరు ఉండేది, పక్క వాద్యకారుడి పేరు కనిపించడం అరుదు. రవిశంకర్ సితార్ ఆపి, తాళం పట్టుకుని, అల్లారఖాకు వేదిక అప్పగించేవారు. ఆ గౌరవం అందుకునేంత సరుకు అల్లారఖా దగ్గర ఉంది.

ఇక ఆయన చెప్పిన చదువు. పసివాడైన జాకీర్‌ను ఇంటికి తెచ్చినప్పుడు ఆనవాయితీ ప్రకారం బిడ్డ చెవిలో ప్రార్థన చెప్పాలి. అల్లారఖా తబలా బోల్స్ (వాద్యం దెబ్బలను నోటితో పలికే అక్షరాలు) వినిపించారు. తల్లి నొచ్చుకుంటే, తన ప్రార్థన ఇదేనన్నారు. ఈ ముచ్చటను జాకీరే చాలాసార్లు చెప్పారు. కాస్త పెద్దయ్యాక, తెల్లవారుజామున మూడింటికి తండ్రి ఆయన్ని లేపేవారు. తబలా ముందు కూర్చోబెట్టడానికి కాదు, బోల్స్ చెప్పించడానికి. ఆరింటి దాకా తండ్రి ఒకటి అనడం, కొడుకు తిరిగి అప్పజెప్పడం. హిందుస్తానీలో దీన్ని పఢంత్ అంటారు. మృదంగం నేర్చుకునే మన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు, వాళ్లకూ సొల్లుకట్టు (మృదంగం పలుకులు) ముందు నోటికి రావాలి.

నోటితో ఎందుకు చెప్పాలి? తీన్‌తాల్ అనే తాళం తీసుకోండి, పదహారు మాత్రలు (లెక్కలు). ధా ధిన్ ధిన్ ధా, ధా ధిన్ ధిన్ ధా, ధా తిన్ తిన్ తా, తా ధిన్ ధిన్ ధా. తొమ్మిదో మాత్ర నుంచి ఖాళీ విభాగం. అక్కడ ధిన్ కాస్తా తిన్ అవుతుంది, అంటే ఎడమ చేతి కింది బాయా ఇచ్చే లోతైన మోత (గుమికి) ఆగిపోతుంది. మళ్లీ పద్నాలుగో మాత్రకు ధిన్ తిరిగొస్తుంది. ఇది నోటికి వచ్చిన పిల్లవాడు వేళ్లు లెక్కపెట్టుకోడు. తాళంలో ఎక్కడున్నాడో వాడి చెవే చెబుతుంది. నోటికి రానివాడు ఎంత వేగంగా వాయించినా సమ్ (తాళం మొదటి మాత్ర) దగ్గర పడేటప్పుడు టెన్షన్ పడతాడు. ఒక కాయిదాను (కొన్ని బోల్స్‌తో కట్టిన మూల రచనను) విస్తరించేటప్పుడూ అంతే. ఇచ్చిన బోల్స్‌తోనే కొత్త అల్లికలు కట్టాలి, బయటి బోల్ రాకూడదు. ఆ అల్లిక మొదట నోట్లో తయారై తర్వాతే చేతికి దిగుతుంది.

ఈ చదువుకు ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి, వినాలి, ఆపాలి, మళ్లీ చెప్పించాలి. వేళ్ల అమరిక చూపించడానికి వీడియో పనికొస్తుంది. కానీ విద్యార్థి ‘ధిన్’ చప్పగా పలికితే సరిదిద్దడం దాని వల్ల కాదు. అల్లారఖా పేరుప్రఖ్యాతులు వచ్చాక కూడా ఈ పని మానలేదు. 1980ల్లో ముంబైలో తన పేరిట సంస్థ పెట్టి పాఠాలు చెప్పారు. యోగేశ్ సంసీ ఆయన శిష్యుడే. తబలా మగవాళ్ల వాద్యమన్న మాట బలంగా ఉన్న కాలంలో అనురాధా పాల్‌కు నేర్పారు, ఆమె సోలో విద్వాంసురాలిగా ఎదిగారు.

మన దగ్గర కూడా ఈ వాద్యానికి చరిత్ర ఉంది. హైదరాబాద్ ఆకాశవాణిలో షేక్ దావూద్ వాయించిన తబలాను హిందుస్తానీ గాయకులు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ వారసత్వం ఉన్న నేల మీద తబలా చదువు సర్టిఫికెట్ పరీక్షల చుట్టూ కుంచించుకుపోవడం బాధాకరం. సిలబస్‌లో ఉన్న కాయిదాలు, రేలాలు (వేగంగా సాగే బోల్స్ వరుసలు) బట్టీపట్టి వాయించేస్తే పట్టా చేతికొస్తుంది. ఒక గాయకుడి పక్కన కూర్చోబెట్టి విలంబిత్ (చాలా నిదానమైన) ఏక్‌తాల్ ఠేకా, అంటే తాళాన్ని నిలిపే మూల బోల్స్ వరుస, పావుగంట నిలకడగా పట్టమంటే చాలామంది తడబడతారు. నిజానికి తబలాతో బతకాల్సినవాడికి రోజూ పడేది ఆ పనే.

కాబట్టి పరీక్షలో సగం మార్కులు పఢంత్‌కు, పక్కవాద్యానికి కేటాయించాలి. పరీక్ష గదిలో ఒక గాయకుడు ఉండాలి. గురువు పోస్టును ఏటా తెగిపోయే కాంట్రాక్టుగా నడిపితే, రెండో ఏడాది విద్యార్థికి మూడో ఏడాది మరో చేతివాటం, మరో ఘరానా ఎదురవుతాయి. నేర్చుకున్న నికాస్ (వేళ్లతో నాదం పలికించే తీరు) అంతా మళ్లీ మొదటికొస్తుంది. తబలా నేర్పేవారిని శాశ్వత ప్రాతిపదికన నియమించాలి. ఒక్కో విద్యార్థితో విడిగా కూర్చునే సమయం టైంటేబుల్‌లోనే ఉండాలి. ముప్పై మందిని ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకేసారి వాయించమంటే ఎవరి బాయా ఎలా పలుకుతోందో గురువుకు వినపడదు.

ప్రభుత్వ ఉత్సవాల్లోనూ మార్పు రావాలి. ఆహ్వానపత్రిక మీద ప్రధాన కళాకారుడి ఫొటో వేసి, కింద ‘వాద్య సహకారం’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్న సందర్భాలు ఇంకా ఉన్నాయి. తబలా, హార్మోనియం, సారంగీ వాయించేవారి పేర్లు ముద్రించాలి. పారితోషికాన్ని ప్రధాన కళాకారుడి దయకు వదలకుండా నేరుగా వారి ఖాతాలో, కచేరీ జరిగిన నెలలోనే వేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు ఇందుకు వచ్చే బడ్జెట్ దాకా ఆగనక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.