ది దొరగారికి పర్లాకిమిడి నుంచి అర్జీ

మహారాజశ్రీ 'ది' (the) దొరగారి సముఖానికి,

ఇంగ్లీషు పుస్తకం ఏ పేజీ తీసినా తమరే. మా గుంటల నోట్లో మాత్రం కావలసిన చోట ఉండరు, అక్కర్లేని చోట ఊడిపడతారు. తిట్లు వాళ్ళకి. తప్పు సగం తమది, సగం గైడుది.

తెలుగులో తమ ఉద్యోగం లేదు గానీ పని ఆగలేదు. 'అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.' బోర్డు మీద ఇది రాసి, 'ఒక' కింద తమ తమ్ముడు 'ఎ' (a)నీ, 'ఆ' కింద తమర్నీ కూర్చోబెడితే చాలు. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది కదా, మిగతాది వీధిలోనే నేర్చుకుని వస్తారు. ఒడియాలో 'గొటిఏ పిలా' అంటే ఎవడో ఒక పిల్లాడు, 'పిలాటి' అంటే ఆ పిల్లాడే. తమరు మాటకి ముందు నడుస్తారు, 'టి' వెనక నడుస్తుంది.

చిక్కంతా 'తలుపు వెయ్యరా' దగ్గర. అక్కడ 'ఆ' లేదు కాబట్టి తమర్నీ వదిలేస్తారు. 'ఏ తలుపు?' అని ఎదుటివాడు అడగక్కర్లేకపోతే తమరు ఉండి తీరాలి. ఈ ప్రశ్న ఏ గైడులోనూ కనబడదు.

గైడులో ఉండేది వేరు: ఎ, ఇ, ఐ, ఓ, యూ ముందు 'యాన్' అట. పిల్లాడు బుద్ధిగా 'యాన్ యూనివర్సిటీ', 'ఎ అవర్' రాసి రెండు మార్కులు పోగొట్టుకుంటాడు. లెక్క స్పెల్లింగుది కాదు, చెవిది. మాటని తెలుగులో రాయించండి. మొదట అచ్చు పడితే 'యాన్', హల్లు పడితే 'ఎ'. యూనివర్సిటీకి య, అవర్‌కి అ, ఎమ్మెల్యేకి ఎ. తమ పేరూ అంతే, అచ్చు ముందు 'ది', హల్లు ముందు 'ద'. కాకపోతే మనవాళ్ళు గుడ్డుని 'యెగ్గు' అంటారు, 'ఓల్డు'ని 'వోల్డు' అంటారు. ఆ య, వలు తీయించకుండా ఈ చిట్కా చెబితే 'ఎ యెగ్గు' తయారవుతుంది. పలికే భాషనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఈ గైడు అమ్ముడుపోవడం మా ఖర్మ.

ఇక తమ దర్జా. మహేంద్రతనయ ఏటి ముందు నిలబడతారు, మహేంద్రగిరి ఎక్కరు. ఒంటికొండ తమకి ఆనదు, హిమాలయాల్లా బారు కావాలి. పర్లాకిమిడి పేరు ముందు అసలు కనబడరు. పిల్లాడు చదువుకోడానికి బడికి వెళ్తే తోడు రారు, హెడ్మాస్టరు పిలిచాడని వాడి నాన్న వెళ్తే వెంటపడి వస్తారు.

తమరు ఏ గుమ్మం తొక్కుతారో, ఏది తొక్కరో ఒక చీటీ మీద రాసి పంపగలరు. పరీక్షలు దగ్గరికొచ్చాయి.

ఇట్లు,
తమ మూలంగా ఎర్రసిరా కొంటున్న ట్యూషను పంతుళ్ళం