వెనక సీటు గారికి ఒక విన్నపం

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి.

మా ఆయన బండి వెనక సీటు గారికి,

నమస్కారములు. ఇక్కడ అందరం క్షేమం, నా నడుము తప్ప.

ఈ రోజు సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర హాల్లో మా ఆయనకి సన్మానం జరిగింది. పొందూరు ఖద్దరు కండువా కప్పారు. ఫ్లెక్సీ మీద 'బైకుపై నేపాల్ చుట్టిన ధీరుడు' అని వేశారు. ఫొటోలో ఆయన ఉన్నారు, మీరున్నారు, మీ మీద నేను మడతపెట్టి వేసిన పాత దుప్పటి కూడా ఉంది. నేను లేను. ఫొటో తీసింది నేనే కదా.

ఇంటికొచ్చాక పక్కింటి పిన్నిగారు ఓదార్చారు. "నువ్వూ ఎల్లినావు కదేటమ్మా? అవున్లే, నీకేటి కష్టం, ఎనకాల కూకోడమే కదా!"

కూకోడమే! ఆ మాట మింగుడు పడక మీకు రాస్తున్నాను.

అయ్యా, తమరి వెడల్పు జానెడు. వాలు ముందుకి. బ్రేకు పడినప్పుడల్లా నేను జారడం, నా హెల్మెట్ వెళ్ళి ఆయన హెల్మెట్‌కి టక్కుమని కొట్టుకోవడం. టెక్కలి దాకా ప్రతి టక్కుకీ "సారీ అండీ" అన్నాను. పలాసలో జీడిపప్పు కొన్నాక మానేశాను. ఇచ్ఛాపురం వచ్చేసరికి కాళ్ళు ఉన్నాయో లేవో చేత్తో తడిమి చూసుకోవాల్సి వచ్చింది. అప్పటికింకా మన జిల్లా కూడా దాటలేదు.

"రోజుకి 250 కిలోమీటర్లు, అంతకి మించి ఒక్కటి కూడా వద్దు" అని బయల్దేరే ముందు దేవుడి గూడు దగ్గర నిలబడి చెప్పారాయన. మొదటి రాత్రి భువనేశ్వర్‌లో పడుకున్నాం. దేవుడికి లెక్కలు రావనుకున్నట్టున్నారు.

ఇంకో రహస్యం చెప్తాను, మీకు తెలిసిందే. ఆయన కూర్చునేది రెండు చక్రాల మధ్య. తమరు నన్ను కూర్చోబెట్టుకునేది వెనక చక్రం నెత్తిన. గుంత ఆయనకి కనిపిస్తుంది, నాకు తగులుతుంది. గుంత రాగానే ఆయన కాళ్ళ మీద కొంచెం లేస్తారు, వెనక మనిషికి మాత్రం చెప్పరు. ఇద్దరు వెళ్తున్నప్పుడు వెనక షాకులు కొంచెం గట్టి చేయాలని మెకానిక్ ముందే అన్నాడు. "మేడం బరువెంత సార్?" అని అడిగాడు. షెడ్డులో పది మంది వినేలా చెప్పారీయన, నాలుగు కిలోలు కలిపి మరీ. అంతా చేసి, ఆ షాకులు బిగించడం మర్చిపోయారు.

1989 నాటి మోటారు వాహనాల రూల్స్‌లో తమరి గురించీ ఉందట. వెనక కూర్చున్న మనిషికి పట్టుకోడానికి పిడి, కాలు పెట్టుకోడానికి ఆసరా, వెనక చక్రం సగమైనా కప్పే తొడుగు ఉండాలట. నడుము సంగతి ఎవరూ రాయలేదు. ఆ తొడుగు కూడా పెట్టె బిగించడానికి అడ్డమని పీకేశారు, నా చున్నీ భారం దేవుడి మీద వేసి.

మేచీ నది వంతెన దాటి నేపాల్ సరిహద్దు ఊరు కాకర్‌భిట్టాలో ఆగాం. బండికి రోజు లెక్కన భన్సార్, అంటే వాళ్ళ కస్టమ్స్ రుసుము, కట్టారు. బండి కాగితాలు చూశారు, ఆయన లైసెన్సు చూశారు. నా ఓటరు కార్డు వైపు ఒక్క చూపు, అంతే. నేను లగేజీలో కలిసిపోయాను. నేపాల్ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందు. తిరిగొచ్చేటప్పుడు ఆ 15 నిమిషాలు మనకి తిరిగిచ్చేశారు, అవి కూడా తమరి మీదే గడిపాను.

మధ్యాహ్నం టీకి ఆగి పది నిమిషాల తర్వాత వస్తే నల్ల రెక్సిన్ అట్లపెనం. నీళ్ళ సీసా తమరి మీద పోస్తే చుయ్యిమంది. ఆ తడి మీదే కూర్చుని వెళ్ళాను.

ఇక బర్దీబాస్ నుంచి ధులిఖేల్ దాకా బీపీ హైవే అనే ఆ కొండదారి! మలుపు మీద మలుపు. 2024 సెప్టెంబరు వరదలకి కొట్టుకుపోయిన చోట్ల రోడ్డు లేదు, రాళ్ళే. అప్పుడు నీ అసలు రంగు బయటపడింది. అవును, నువ్వే! ఇంక మీరు, తమరు ఏమీ లేవు. నీలో ఉన్నది స్పాంజా, గ్రానైటా? నిన్ను చేసినవాడు దాని మీద ఒక్క గంటైనా కూర్చున్నాడా? వాడి పెళ్ళాన్నైనా కూర్చోబెట్టాడా? సింధులీ దిగువన నేను ఏడిస్తే ఆయన గాలి చప్పుడనుకున్నారట.

సరే. అరిచాను, తగ్గింది.

స్టేజీ మీద మా ఆయన ఏం చెప్పారో తెలుసా? కోశీ బ్యారేజీకి 56 గేట్లన్నారు. ఇసక తిన్నెల మీద కొంగలు వరసగా నిలబడి ఉన్నాయన్నారు. ఒక పిల్ల మేకని భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తోందన్నారు. చప్పట్లు మోగాయి. బ్యారేజీ పొడుగునా ముందు లారీ వెనక లైటు తప్ప ఆయన ఏమీ చూడలేదు! గేట్లు లెక్కపెట్టింది నేను. కొంగల్ని, ఆ పిల్లని చూసి ఆయన చెవి దగ్గర అరిచి చెప్పింది నేను. తోలేవాడికి రోడ్డు కనిపిస్తుంది. నేపాల్ కనిపించింది నీ మీద కూర్చున్నదానికి. ఆ ఒక్క ఉపకారం నువ్వు చేశావు, కాదనను. నీ కుడి పక్క కుట్టు దగ్గర నా గోరు గిల్లిన గీతలున్నాయి చూడు, అవన్నీ గేట్ల లెక్క. పదికొకటి.

ఇప్పుడు అసలు సంగతి. సన్మానం వేడిలో మైకు పట్టుకుని, వచ్చే ఏడాది భూటాన్ అని ప్రకటించారు. సోలో. అక్కడ మనవాళ్ళు మనిషికి రాత్రికి 1200 రూపాయల పర్యాటక రుసుము కట్టాలి కదా, ఒక్కడైతే సగమే అని ఇంటికొచ్చాక లెక్క చెప్పారు. నిన్ను విప్పేసి ఆ చోట పెద్ద పెట్టె బిగిస్తారట. రెండు బోల్టులే, పది నిమిషాల పని అన్నారు.

ఇందాకట్నుంచీ వరండాలో పది నంబరు పానా కోసం వెతుకుతున్నారు. "చూశావా?" అని రెండుసార్లు అడిగారు. చూడలేదన్నాను.

పోపుల పెట్టెలో ఉంది, ఆవాల కింద.

ఇట్లు,
వెనక కూకున్నది.