ప్రధాన వాక్యాన్ని బహిష్కరించండి

నెదర్లాండ్స్‌లో స్థిరపడ్డ తెలుగువారికి విన్నపం. డచ్‌లో ప్రధాన వాక్యాలు మాట్లాడటం తక్షణం మానేయండి. ఇకమీదట ఉపవాక్యాల్లోనే బతకండి.

‘రేపు సైకిల్ కొంటాను’ అనడానికి డచ్చివాడు ‘ఇక్ కోప్ మోర్ఖెన్ ఎన్ ఫీట్స్’ అంటాడు. ‘కోప్’ అంటే కొంటాను. వాక్యంలో రెండో కుర్చీ దానిది, చచ్చినా దిగదు. ‘మోర్ఖెన్’ని ముందుకు తెస్తే ‘మోర్ఖెన్ కోప్ ఇక్’ అని కర్తే లేచి క్రియ వెనక్కి పోవాలి. మనవాళ్ళు ‘మోర్ఖెన్ ఇక్ కోప్’ అని దొరికిపోయేది ఇక్కడే. అదే వాక్యానికి ‘ఎందుకంటే’ అనే అర్థమిచ్చే ‘ఓమ్‌దాట్’ తగిలించండి: ‘ఓమ్‌దాట్ ఇక్ మోర్ఖెన్ ఎన్ ఫీట్స్ కోప్’. నేను, రేపు, ఒక సైకిల్, కొంటాను. అచ్చం మన వరసే!

కనుక నోరు తెరిస్తే ‘ఇక్ డెంక్ దాట్’, అంటే ‘అనుకుంటున్నాను’, అని మొదలుపెట్టి క్రియను చివర పడేయండి. టైమెంతని అడిగినా అంతే. ‘వాంట్’ అనే మాటను మాత్రం గడప తొక్కనివ్వకండి. దానికీ ‘ఎందుకంటే’ అనే అర్థం, నడిచేది మాత్రం ప్రధాన వాక్యం దారిలో.

కాలాల దగ్గర పెద్ద బెంగ లేదు. మన ‘కొంటాను’లాగే ‘కోప్’ కూడా రోజూ కొనడానికీ రేపు కొనడానికీ సరిపోతుంది. నిన్న కొన్నదానికి సహాయక క్రియ ‘హెప్’, ‘కొనడం’ భూతకాల రూపం ‘ఖెకోఖ్ట్’ అని రెండు ముక్కలు కావాలి. ఉపవాక్యం చివర ‘హెప్ ఖెకోఖ్ట్’ అన్నా, ‘ఖెకోఖ్ట్ హెప్’ అన్నా ఒప్పే. మొదటిది ఎర్ర వరస, రెండోది ఆకుపచ్చ వరస. డచ్ క్రియల వరసపై 1953లో వచ్చిన పావెల్స్ అధ్యయనంలోని మాండలిక పటాల రంగులవి. మన ట్రాఫిక్ సంప్రదాయం ప్రకారం రెండింటికీ ఆగనక్కర్లేదు.

అసలు ద్రోహం మూడో క్రియతో. ‘కొనాలనుకున్నాను’లో పని ముందు, కోరిక తర్వాత, కాలం తోకలో. డచ్ ఉపవాక్యంలో అదే రైలు తిరగబడి వస్తుంది: ‘హెప్ విల్లెన్ కోపెన్’. కాలం ముందు, కోరిక నడుమ, పని చివర. ‘హెప్’ ఉంటే ‘విల్లెన్’ భూతకాల రూపం ‘ఖెవిల్ట్’ రావాలి కదా అని వ్యాకరణం చదివినవాడు పట్టుబడతాడు. రాదు. వెనక ఇంకో క్రియ నిలబడితే భూతకాలపు వేషం తీసేసి ముడిరూపంలోనే ఉండాలి. చదివినందుకు శిక్ష!

వాన గురించి కూడా జాగ్రత్త. ‘ఆల్స్ హెట్ రేఖెంట్, బ్లైఫ్ ఇక్ తాయిస్’, అంటే వానపడితే ఇంట్లోనే ఉంటాను. ముందు పెట్టిన ఉపవాక్యం మొత్తం మొదటి కుర్చీలో కూర్చుంటుంది, రెండో కుర్చీ మళ్ళీ క్రియదే. దాంతో కామాకి అటూఇటూ రెండు క్రియలు కొమ్ములు కలుపుతాయి.

‘ఇక్ డెంక్’ కూడా ప్రధాన వాక్యమేనని కొందరు గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. నిజమే. దాని ముందు మాత్రం ఏ మాటా పెట్టకండి. పెడితే ‘డెంక్ ఇక్’ అవుతుంది, కథ మళ్ళీ మొదటికొస్తుంది.