వేళ్ళ కసరత్తూ, వేలంపాటా

కీళ్ళ అరుగుదలకి చెప్పే చేతి కసరత్తు ఎక్కడ కూర్చుని చేసినా ఒకటే. ఒక్క కళింగపట్నం ఒడ్డున, చేపల పాట దగ్గర మాత్రం వద్దు.

ఒక తాతగారు ఇంట్లో అంతా పద్ధతిగానే మొదలెట్టారు. పొద్దున్న బిగుసుకున్న వేళ్ళని 5 నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో ఉంచారు. ఈ జబ్బులో ఆ బిగువు మామూలుగా అరగంటలో సడలిపోతుంది. మిగతాది గాలి తింటూ కానిద్దామని వెళ్ళి, సరిగ్గా కవళ్ళ చేపల తట్టల ఎదుట నిలబడ్డారు.

మొదటిది పిడికిలి. కోడిగుడ్డు పట్టుకున్నంత వదులుగా మూసి, 5 లెక్కపెట్టి, వేళ్ళన్నీ బారుగా చాచాలి. అలా 10 సార్లు. చాచారు.

"తాత ఐదంతన్నాడు!" అన్నాడు పాటగాడు.

తర్వాత గేలం వంపు. వేళ్ళ మొదళ్ళు నిటారుగా ఉంచి పై రెండు కీళ్ళే వంచాలి. చేపలవాళ్ళ మధ్య గేలం చూపించాక ఇంక ఎవరు ఎదురు పాడతారు?

మూడోది సున్న. బొటనవేలి కొసని ఒక్కో వేలి కొసకీ తాకించి గుండ్రంగా చుట్టాలి. తాకించమంటే చాలామంది నొక్కేస్తారు. కొసన నొక్కిన బలం బొటనవేలి మొదలు మీద ఎన్నో రెట్లయి పడుతుంది, ఎక్కువగా అరిగే కీళ్ళలో అదొకటి. తాతగారు నొక్కలేదు. చూపుడువేలితో ఒక సున్న, మధ్యవేలితో రెండోది, ఉంగరపు వేలితో మూడోది, ముచ్చటగా చుట్టారు.

"ఆగు తాతా! ఐదు పక్కన ఇంకో సున్నెడితే తట్ట కాదు, పడవే ఇచ్చేయాల!"

సంగతి తెలిశాక నవ్వుకుని, మూడో సున్న కొట్టేసి 500కే ఇచ్చారు. తట్టని వేళ్ళకి తగిలించుకోకుండా, అరచేతులు కింద పెట్టి గుండెకి ఆనించుకుని తెచ్చారు. అంతవరకూ బాగుంది. ఇంటికొచ్చి సన్న పిడి కత్తితో తట్టెడు కవళ్ళూ ఆయనే గీకారు. పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకున్నా కొంత నయం.

సాయంత్రానికి బొటనవేలి మొదలు సలుపు.

"ఆ వేళ్ళాట వొగ్గేయండంటే వినరు" అన్నారు మామ్మగారు, పులుసు వడ్డిస్తూ. నేరం కసరత్తు మీదికెళ్ళింది, కవళ్ళు తప్పించుకున్నాయి.

కసరత్తయ్యాక నొప్పి 2 గంటలు దాటి ఉంటే మర్నాడు సగానికి తగ్గించాలి. కీలు వాచి వేడిగా ఉంటే ఆ పూటకి విశ్రాంతి. తాతగారూ మర్నాడు 10ని 5 చేశారు. ఒడ్డుకే వెళ్ళారు గానీ, చేతులు తువ్వాలు కింద.