ఈమెయిల్‌కి జ్ఞాపకశక్తి ఎక్కువ

2022 సెప్టెంబర్ 26న కేంద్ర ప్రభుత్వం మన రియల్ ఎస్టేట్ రంగాన్ని ఘోరంగా దెబ్బతీసింది. తగిలినవాళ్లకి ఆ సంగతి ఇంకా తెలియకపోవడమే కాస్త ఊరట. 2000 నాటి సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం చివర ఒక షెడ్యూలు ఉంటుంది. ఎలక్ట్రానిక్ రూపంలో చెల్లని పత్రాల జాబితా అది. అందులో వీలునామా, ట్రస్టు పత్రాల సరసన స్థిరాస్తి అమ్మకం ఒప్పందం కూడా దాదాపు 22 ఏళ్లు దర్జాగా కూర్చుంది. ఆ రోజు నోటిఫికేషన్‌తో దాన్ని లేపేశారు. ఇల్లు అమ్ముతానని ఈమెయిల్‌లో ఒప్పుకున్నవాడు, 'మెయిలే కదా' అని తప్పించుకునే దారి పోయింది.

కంగారు పడకండి, ఇది ఒప్పందం వరకే. ఇల్లు నిజంగా చేతులు మారాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 54వ సెక్షన్ అడ్డంగా కూర్చునే ఉంది. వంద రూపాయలు, ఆ పైన విలువ ఉంటే రిజిస్టర్డ్ దస్తావేజు కావాల్సిందే. వందలోపు అయితే స్వాధీనం చేస్తే చాలు. ఆనాటి వంద ఈనాటికీ వందే. గజం లక్ష పలికే చోట చదరపు అంగుళం 77 రూపాయలు పడుతుంది. కాబట్టి రిజిస్ట్రేషన్ ఖర్చు దండగనుకునేవాళ్లు 200 గజాల ప్లాటును 2,59,200 విడతల్లో, ప్రతి అంగుళం మీదా బొటనవేలు మోపుతూ స్వాధీనం చేసుకోవచ్చు. ఈ ప్లాను ఏ లాయరుకి చెప్పినా ఫీజు తీసుకోకుండానే పంపించేస్తాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లోనే చట్టం సవరించి, అమ్మకం ఒప్పందానికి కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అయినా రిజిస్టర్ కాని ఒప్పందాన్ని పట్టుకుని 'మాటిచ్చాడు, అమ్మించండి' అని కోర్టుకెక్కితే, సాక్ష్యంగా చూడ్డానికి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ వీలిస్తుంది. కాబట్టి మెయిల్ రాసేటప్పుడు చెయ్యి కాస్త వణకడం ఆరోగ్యకరం.

ఇక మెయిల్ ఎప్పుడు అందినట్టు? ఐటీ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, మీరు ఏ అడ్రసుకి పంపమన్నారో అక్కడికి చేరిన క్షణాన అందినట్టే. తెరిచారా, చదివారా అనే ప్రస్తావనే లేదు. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి గుంటూరు ఇల్లు అమ్ముతూ మెయిల్ కొడితే, అది ఏ ఊరి నుంచి వెళ్లినట్టో, ఏ ఊళ్లో అందినట్టో కూడా ఈ సెక్షనే తేలుస్తుంది. రాహుకాలం ఏ ఊరిది చూడాలన్న దగ్గర మాత్రం పార్లమెంటు చేతులెత్తేసింది. ముహూర్తం లేకుండా బయానా ఇచ్చే జాతి కాదు మనది!

ఇవన్నీ సర్దుకోవచ్చు. ఈమెయిల్‌తో అసలు చిక్కు, అది దేన్నీ మర్చిపోకపోవడం. మన పద్ధతిలో ధర రెండు రకాలు. అగ్రిమెంట్ మీద ప్రభుత్వ విలువకి కాస్త అటూ ఇటూగా ఉండే మర్యాదస్తుడి ధర ఒకటి. బ్రోకరు చిన్న చీటీ మీద రాసి, ఇద్దరికీ చూపించి, చింపి జేబులో పెట్టుకునే ధర మరొకటి. స్థిరాస్తి బయానా 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని 2015 జూన్ 1 నుంచే రూలు ఉంది. ఆ రూలు గురించి చీటీకి తెలియదు. అదే 'సార్, మిగతా నలభై లక్షలు సంచిలో తెస్తున్నా' అని మెయిల్ కొట్టారనుకోండి, ఆ వాక్యం మీ మనవలు రిటైరయ్యే దాకా సర్వర్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. పైగా 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో హాష్ విలువ (ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి కోడు) కూడా రాయమంటోంది. తర్వాత ఒక్క కామా కదిలినా ఆ విలువ మారిపోతుంది. పాత తేదీ వేసిన స్టాంపు కాగితం ఎంత కావాలంటే అంత దొరికే దేశంలో, పాత తేదీ మెయిల్ సంపాదించడం ఎంత కష్టమో ఎవరైనా ఆలోచించారా?

కాబట్టి మన ఐటీ కుర్రాళ్లకు ఒక విన్నపం. పంపిన పది నిమిషాలకు అసలు ధర దానంతటదే చెరిగిపోయి, ప్రభుత్వ విలువ మాత్రమే మిగిలే మెయిల్ సర్వీసు ఒకటి తయారుచేయండి. మొదటి లక్షమంది కస్టమర్లు మన రెండు రాష్ట్రాల్లోనే దొరుకుతారు. చందా మాత్రం చెక్కు రూపంలో అడక్కండి.