పరుగు ముగిశాక చెప్పిన నిబంధన

2019 అక్టోబరులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 16 ఏళ్ల విద్యార్థిని ఒకరు తన హైస్కూలు జట్టుతో కలిసి అయిదు కిలోమీటర్ల క్రాస్ కంట్రీ పరుగులో పాల్గొన్నారు. ఆ సీజనులో తన అత్యుత్తమ సమయం సాధించానన్న సంతోషంతో ఫలితాల పట్టిక దగ్గరకు వెళ్లి చూస్తే, తోటి అమ్మాయిల పేర్లు ఉన్నాయి, తన పేరు మాత్రం లేదు. హిజాబ్ ధరించి పరుగెత్తడానికి ముందుగా అనుమతి పత్రం తీసుకోలేదన్న కారణంతో ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు. పరుగుకు ముందు జరిగిన దుస్తుల తనిఖీలో జట్టులోని మరో అమ్మాయి నిక్కరుకు అభ్యంతరం చెప్పినవారు ఈమెతో ఒక్క మాట అనలేదు. కోచ్‌కు సంగతి ముందే తెలుసు, ఆయనా చెప్పలేదు.

యూనిఫాం నిబంధనలు అక్కర్లేదని మేము అనడం లేదు. జట్టును రిఫరీ గుర్తుపట్టాలి, పిన్నులూ గట్టి క్లిప్పులూ ఎదుటివారి కంట్లో గుచ్చుకోకూడదు. ఆటకు ముందు కారులో కూర్చుని కూతురి చెవి కమ్మలు, ముక్కుపుడక తీసి చిన్న డబ్బాలో భద్రపరచడం అమెరికాలోని తెలుగు తల్లులకు అలవాటైన పనే. లోహం తగులుకుంటే చెవి తమ్మె చిరుగుతుంది కనుక ఆ జాగ్రత్తలో అన్యాయమేమీ లేదు. పిన్ను లేకుండా తలకు బిగుతుగా చుట్టుకున్న మెత్తని గుడ్డ సంగతి వేరు. దానివల్ల ప్రమాదం లేదని ఫుట్‌బాల్ ప్రపంచ సంస్థ ఫిఫా 2014లోనే ఒప్పుకుంది. ఆ ఏడాదే చైనాలోని వుహాన్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత జట్టులోని ఇద్దరు సిక్కు ఆటగాళ్ల చేత తలపాగాలు తీయించిన బాస్కెట్‌బాల్ యంత్రాంగం కూడా 2017లో తన నిషేధాన్ని ఎత్తివేసింది.

అంతర్జాతీయ స్థాయిలో తేలిపోయిన విషయానికి హైస్కూలు పిల్లలు ఉత్తరాలు పట్టుకుని తిరగవలసి రావడమే మాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తున్నది. మేరీల్యాండ్ రాష్ట్రంలో 2017లో ఒక బాలికను బాస్కెట్‌బాల్ ప్రాంతీయ ఫైనల్ రోజున అనుమతి పత్రం లేదంటూ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ సీజనులో అంతకుముందు జరిగిన 24 ఆటల్లో ఆమె అదే హిజాబ్‌తో జట్టులో ఉంది. అన్ని ఆటల్లో ఎవరికీ అడ్డురాని గుడ్డ ఒక్క రోజులో ప్రమాదకరం కాలేదు, నిబంధనల పుస్తకంలోని వాక్యం ఒక అధికారికి ఆ రోజు గుర్తుకువచ్చిందంతే. 2020లో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో తొమ్మిదో తరగతి వాలీబాల్ క్రీడాకారిణికి కూడా ఇదే అనుభవం ఎదురైంది.

కదలిక రాలేదని అనలేము. హైస్కూలు క్రీడలకు నియమావళి రాసే జాతీయ సమాఖ్య 2021లో వాలీబాల్‌లో మతపరమైన తలవస్త్రానికి ముందస్తు అనుమతి అవసరాన్ని తొలగించింది, మరికొన్ని ఆటల్లోనూ సడలించింది. ఇల్లినాయ్ 2021లో, మేరీల్యాండ్, ఒహాయో 2022లో చట్టాలు చేశాయి. వీటిలో ఒహాయో చట్టం మాకు నచ్చింది. నిజమైన ప్రమాదం ఉంటే తప్ప అభ్యంతరం చెప్పకూడదనీ, చెప్పినా ఆ విద్యార్థి ఆడేందుకు వీలైన మార్గాలు చూపాలనీ అది అంటుంది. అంటే ప్రమాదం ఉందని చూపవలసిన బాధ్యత అధికారులది, తనవల్ల ప్రమాదం లేదని కాగితం తెచ్చి నిరూపించుకోవలసిన అవసరం పిల్లలకు లేదు.

అయితే నియమావళిని మైదానంలో అమలుచేసేది రాష్ట్ర సంఘాలు, వాటి తరఫున ఈల ఊదే రిఫరీలు. సవరణ వారి చేతికి చేరకపోతే పాత పుస్తకమే చెలామణి అవుతుంది. కాబట్టి ప్రతి సీజను ఆరంభంలో రిఫరీలకూ కోచ్‌లకూ కొత్త నిబంధనను చదివి వినిపించాలి, ఏ ఆటలోనైనా అనుమతి పత్రం షరతు మిగిలి ఉంటే దాన్ని తీసివేయాలి. అభ్యంతరమంటూ ఉంటే తనిఖీ వేళే, ఆ విద్యార్థికే, సరిచేసుకునే వ్యవధి ఉండగానే చెప్పాలి. తనిఖీలో ఎవరూ కాదనని దుస్తులతో పరుగు పూర్తిచేసిన పిల్ల పేరును ఆ తర్వాత పట్టిక నుంచి కొట్టివేసే అధికారం ఏ అధికారికీ ఉండకూడదు.