గుర్రుమంటే కొట్టకండి నాయనా

"ఏందే పాపా, కుక్కలకి కూడా వేరు వేరు గదుల్లో వడ్డనా? మా చిన్నప్పుడు ఒక మట్టి మూకుడులో గంజన్నం పోస్తే నాలుగు కుక్కలూ తినిపోయేయి."

మా ఇంటికొచ్చే ప్రతి చుట్టమూ అనే మాట ఇది. తినిపోయేయి, నిజమే. ఆ నాలుగింట్లో బక్కది ఆఖర్న వచ్చి ఖాళీ మూకుడు నాకేది, ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. పొలం గట్టు జానెడు జరిగిందని ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగే అన్నదమ్ములున్న ఊళ్ళు మనవి. కుక్కలు మాత్రం ఒకే గిన్నెలో పంచుకు తినాలంట!

నెల్లూరు వేదాయపాళెంలో రెండు గదుల ఇల్లు మాది, అందులో మూడు కుక్కలు. లాబ్రడార్ లడ్డు, పామెరేనియన్ చింటూ, వానలో మురుక్కాలవ పక్కన దొరికిన నల్లి. పెరుగన్నం రోజుల్లో ముగ్గురూ సాధువులే. ఆదివారం చికెన్ ఉడికే వాసన వచ్చిందా, నల్లి మారిపోయేది. గిన్నె మీద తల దించి, ఒళ్ళంతా కర్రలా బిగించి, కళ్ళు మాత్రం ఓరగా తిప్పి చూసేది. తర్వాత గుర్రుమనేది.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గుర్రుమన్నప్పుడల్లా పేపర్ చుట్టి మూతి మీద ఒకటి తగిలించేదాన్ని. నెల తిరిగేసరికి గుర్రు ఆగింది. "చూశావా, దార్లోకొచ్చింది" అని అమ్మా నేనూ తెగ సంబరపడ్డాం.

పోయిన కార్తీకంలో ముసురు పట్టి మూడూ ఇంట్లోనే ఉన్నాయి. మా చిన్నమామ వచ్చాడు. "యజమాని ఎవరో తెలియాలే దానికి" అంటూ నల్లి తింటున్న గిన్నెలో చెయ్యి పెట్టాడు. చిన్న శబ్దం కూడా లేదు. బొటనవేలి కింద రెండు పళ్ళు దిగాయి.

అత్త కారం డబ్బా పట్టుకొచ్చింది. ఇప్పటికీ ఈ కారం వైద్యం పోలేదు మన దగ్గర! డబ్బా లాక్కుని, మామ చేతిని కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడిగించాను. నల్లికి రేబిస్ టీకా వేయించే ఉంది, అయినా ఆస్పత్రికి తీసుకుపోయాం. ఆ రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు సూదులు. నాలుగుసార్లూ దారి పొడుగునా నాకు తిట్లు.

"వీధి కుక్క బుద్ధి ఎక్కడికి పోతుంది" అన్నారందరూ. మరి 12 వేలు పోసి కొన్న లడ్డు సంగతేంది? వాడు తన క్రేట్‌లో, అంటే కుక్క పడుకునే కమ్మీల పెట్టెలో పడుకుని, దాని ముందు నుంచి చింటూ నడిస్తే చాలు, కమ్మీల మీదికి దూకేవాడు. దీన్ని రిసోర్స్ గార్డింగ్ అంటారు. నాది పోతుందేమో అన్న భయం అది, జాతిని చూసి రాదు. గుర్రుమనడం ఆ భయానికి నోరు. నేను ఆ నోరు మూయించాను, భయం మాత్రం లోపలే ఉండిపోయింది. ఇంక దానికి మిగిలింది పళ్ళే కదా!

ముందు డాక్టరుకి చూపించాం. పంటి నొప్పో, చెవి పోటో ఉన్నా ఇలా కసురుకుంటాయంట. అవేం లేవు. అప్పట్నుంచి నల్లి వంటింట్లో, లడ్డు వరండాలో, చింటూ అమ్మ గదిలో, తలుపులు వేసి తింటాయి. తిన్నాక గిన్నెలన్నీ తీసి కడిగాకే తలుపులు తీస్తాం. ఖాళీ గిన్నె కోసం కూడా కొట్టుకుంటాయి మరి.

క్రేట్ విషయంలో తప్పంతా నాదే. ఇంట్లో అందరూ నడిచే సందులో పెట్టి, వాడు గొడవ పడుతున్నాడని వాణ్ణే తిట్టాను. ఇప్పుడు మూలకి జరిపి, మూడు వైపులా పాత దుప్పటి కప్పాను. వాడు లోపల ఉంటే తలుపేసి ఉంటుంది. ఎదురుగా ఇంకో కుక్క పడుకోదు, పిల్లలు చెయ్యి పెట్టరు. ఒకదాని క్రేట్‌లోకి ఇంకోటి దూరడం బంద్.

నల్లి తింటుంటే నేను దూరంగా పోతూ ఒక చికెన్ ముక్క దాని వైపు విసిరి, ఆగకుండా వెళ్ళిపోతాను. బిగుసుకుంటే ఇంకా దూరం నుంచి. మనిషి వస్తే ముక్క పోదు, ఇంకో ముక్క వస్తుందని దానికి ఎక్కడానికి నాలుగు నెలలు పట్టింది. అయినా దాని గిన్నెలో చెయ్యి మాత్రం పెట్టను. మన విస్తట్లో ఎవరన్నా చెయ్యి పెడితే ఊరుకుంటామా?

మొన్న ఆదివారం మామ వచ్చాడు. గడపలోనే నిలబడి "దాని భోజనం అయిందా?" అని అడిగి లోపలికొచ్చాడు. అవలేదు. వంటింటి తలుపు సందులో చింటూ మూతి పెట్టాడు, లోపల్నుంచి సన్నగా గుర్రు వినిపించింది. చాన్నాళ్ళకి! అమ్మ పేపర్ కోసం వెతుకుతోంది.

"అననీ అమ్మా" అని చింటూని ఎత్తుకున్నాను.